బెజవాడ నుంచి గ్రేహౌండ్స్‌ దాకా... వ్యాస్‌ నాయకత్వ ప్రస్థానం

విజయవాడ: పోలీసు శాఖలో పదోన్నతికి సర్వీసు కాలం కొలమానం. ఐపీఎస్‌ అధికారి సబ్‌ డివిజన్‌లో ఏఎస్పీగా ఉద్యోగం ప్రారంభించి ఎస్పీ, డీఐజీ, ఐజీ హోదాలను వరుసగా అందుకుంటారు. అయితే సిబ్బంది మనస్ఫూర్తిగా వెంట నడిచే నాయకుడిగా ఎదగడం కొందరికే సాధ్యం. అలాంటివారిలో కె.ఎస్‌.వ్యాస్‌ ఒకరు. విజయవాడలో ఎస్పీగా పనిచేసిన ఈ 1974 బ్యాచ్‌ అధికారి పేరును నగరంలోని పాతతరం నేటికీ తలచుకుంటుంది.

రగిలిన నగరం

కార్మిక సంఘాలు, విద్యార్థి సంఘాలపై పట్టు కోసం సాగిన పోరు బెజవాడను ఏళ్ల తరబడి కుదిపేసింది. 1974లో వంగవీటి రాధాకృష్ణ, 1979లో దేవినేని గాంధీ, 1988లో దేవినేని మురళి హత్యకు గురయ్యారు. అదే ఏడాది డిసెంబరు 26న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా నగరంలోనే హతులయ్యారు. ఆ వెంటనే చెలరేగిన అల్లర్లు కోస్తా జిల్లాలకు పాకాయి. నగరంలో కర్ఫ్యూ విధించారు.

ఇటువంటి నగరంలో పోలీసు అధికారికి అసలు పరీక్ష నిష్పక్షపాతమే. ఏ వర్గానికి కొమ్ముకాసినా రెండో వర్గం స్టేషన్‌ మెట్లు ఎక్కదు. తన న్యాయం తానే చూసుకుంటుంది. రౌడీయిజాన్ని ఉక్కుపాదంతో అణచిన అధికారిగా వ్యాస్‌కు ఇక్కడే పేరు వచ్చింది.

రౌడీషీట్‌ అంటే?

తరచూ దౌర్జన్యాలకు పాల్పడే వ్యక్తులపై నిఘా ఉంచేందుకు స్టేషన్‌లో నిర్వహించే రికార్డే రౌడీషీట్‌. పోలీసు స్టాండింగ్‌ ఆర్డర్ల ఆధారంగా దీనిని తెరుస్తారు. ఇది శిక్ష కాదు. నేరాన్ని నిరూపించాల్సింది న్యాయస్థానంలోనే. కమిషనరేట్‌ వ్యవస్థలో ఈ నిఘాకు తోడు నిషేధాజ్ఞలు జారీచేసే మెజిస్ట్రేట్‌ అధికారాలు కూడా పోలీసు కమిషనర్‌కే ఉంటాయి. ఇతర జిల్లాల్లో ఎస్పీకి ఆ వెసులుబాటు లేదు. 2022లో జిల్లాల పునర్విభజన తరువాత విజయవాడ ఎన్టీఆర్‌ జిల్లా కేంద్రమైంది.

అడవిబాటలో కొత్త దళం

నక్సలైట్ల కార్యకలాపాలు ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో, 1989లో వ్యాస్‌ సారథ్యంలో గ్రేహౌండ్స్‌ దళం రూపుదిద్దుకుంది. అప్పటివరకు సాధారణ పోలీసులే మందుపాతరలకు, మెరుపుదాడులకు ఎదురెళ్లేవారు. అడవిలో రోజుల తరబడి కాలినడకన సంచరించగల యువ సిబ్బందిని పోలీసు విభాగాల నుంచి ఎంపికచేసి, కఠిన శిక్షణ ఇచ్చి, చిన్న దళాలుగా పంపడం ఈ విధానంలోని కీలకం. నిర్ణీత కాలం పనిచేశాక వారు మాతృ విభాగానికి తిరిగి వెళతారు. అధికారి సైతం దళంతోపాటే నడవాలి. మావోయిస్టు సమస్య ఉన్న ఇతర రాష్ట్రాలకు తరువాతి కాలంలో ఇది నమూనా అయింది.

అందుకు వ్యాస్‌ చెల్లించిన మూల్యం ప్రాణమే. 1993 జనవరి 27న హైదరాబాద్‌ లాల్‌బహదూర్‌ స్టేడియంలో జాగింగ్‌ చేస్తుండగా నక్సలైట్లు ఆయనను కాల్చిచంపారు. ఈ కేసులో నిందితుడైన నయీం 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో మరణించాడు.

అధికారం వెంట జవాబుదారీ

ఈ పోరాటానికి మరో పార్శ్వమూ ఉంది. ఎన్‌కౌంటర్‌ మరణాలపై ఆంధ్రప్రదేశ్‌ పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదుల ఫలితంగానే జాతీయ మానవహక్కుల కమిషన్‌ 1997లో మార్గదర్శకాలు జారీచేసింది. 2014లో సుప్రీంకోర్టు ఇలాంటి ప్రతి మరణంపైనా ఎఫ్‌ఐఆర్‌ నమోదు, స్వతంత్ర దర్యాప్తు తప్పనిసరి అని స్పష్టంచేసింది. దళాన్ని నడిపించే ధైర్యంతోపాటు దళం చేసిన పనికి చట్టం ముందు జవాబు చెప్పే సంసిద్ధత కూడా నేటి నాయకత్వ లక్షణమే.

విధి నిర్వహణలో అసువులు బాసిన పోలీసులను ఏటా అక్టోబరు 21న దేశమంతా స్మరించుకుంటుంది. 1959లో లద్దాఖ్‌ సరిహద్దులో పదిమంది జవాన్లు నేలకొరిగిన రోజది. ఆనాడు పరేడ్‌ మైదానంలో చదివే పేర్ల వెనుక ఇలాంటి జీవితాలెన్నో ఉన్నాయి. శిక్షణ ముగించుకుని కృష్ణా తీరాన తొలి పోస్టింగులో చేరే యువ ఎస్సైలకు, అధికారులకు వ్యాస్‌ ప్రస్థానం పాఠమే.