పసినాటి పునాది

“మొక్కై వంగనిది మ్రానై వంగునా” యను సామెతను మన పెద్దలు తరచుగా బెత్తము చేతబట్టి చెప్పుచుందురు. కాని మొక్క బెత్తముచేత పెరుగునా, నీటిచేత పెరుగునా?

అప్పుడే పుట్టిన శిశువు మెదడు బరువు పెద్దవారి మెదడులో ఇంచుమించు నాల్గవవంతు. రెండేండ్లు నిండునప్పటికి అది నాల్గింట మూడువంతులకు చేరును. ఆ కాలమున నాడీకణములు ఒండొంటితో వేగముగా ముడివడును. వాడుకలోనున్న ముడులు బిగియును. తక్కినవి క్రమముగా సడలిపోవును. బిడ్డ “ఊ” యన్నపుడు తల్లి “ఊ” కొట్టుటచేత అట్టి ముడులు బలపడుచుండును. ఆకలి, దెబ్బలు, కలహములు నిత్యమై, ఆదుకొను పెద్దదిక్కు లేనిచో, భయమున ఊరు కార్టిసాల్ అను స్రావము అదుపు తప్పి జ్ఞాపకశక్తిని, నిగ్రహమును దెబ్బతీయగలదు. అట్టివారికి పెద్దయిన పిదప దిగులు, ఆందోళన కలుగు అవకాశము హెచ్చు.

నంద్యాల నుండి కర్నూలు పోవు దారిలోని పాణ్యము వంటి యూళ్లలో కూలికి పోవు తల్లి పసిబిడ్డను అవ్వకో, అక్కకో అప్పగించి పోవును. ఆమెను నిందింపరాదు; కూలి లేనిదే కూడు లేదు. అట్టి బిడ్డలకు ఆహారము, టీకాలు, ఆటపాటలు అందించుటకే 1975 అక్టోబరు 2న ఆరంభమైన పథకము క్రింద అంగన్‌వాడీలు వెలసినవి.

ఆ కూడు ఫలించునా? 1987–90 నడుమ హైదరాబాదు సమీపమున కొన్ని పల్లెలలో గర్భిణులకును, ఆరేండ్లలోపు పిల్లలకును ఈ పథకము క్రింద ఉప్మా పెట్టిరి. మరికొన్ని పల్లెలకు పథకమింకను రాలేదు. ఆ పిల్లలు ఎదిగిన పిదప పరిశోధకులు పోల్చిచూడగా, తొలి మూడేండ్లలో ఆ యాహారమందిన పల్లెలవారు ఎక్కువ తరగతులు చదివినట్లు తేలినది.

అయినను కూడొక్కటే చాలదు. రొమేనియా దేశపు అనాథాశ్రమములలో తిండి, నీడ కలిగియు పలుకరించువారు లేక పిల్లలు మందబుద్ధులైరి. వారిలో కొందరిని 2001 మొదలు కుటుంబములకు అప్పగింపగా, తెలివి కోలుకొనిరి. రెండేండ్లలోపు చేరినవారు అందరికన్న మిన్నగా కోలుకొనిరి. ఆలస్యముగా చేరినవారికిని కొంత మేలు కలుగకపోలేదు.

కావున పొద్దుగూకి తల్లి యిల్లు చేరువరకు బిడ్డను ఎత్తుకొన్న అవ్వయే కానిండు, అక్కయే కానిండు, పని లేని పూట తండ్రియే కానిండు, ఆ బిడ్డ పలుకునకు బదులు పలుకవలెను. అందులకు పైసా ఖర్చు లేదు.