అరగంట

పోయిన నవంబరులో మా అమ్మాయి జింకను కొట్టింది. పదమూడేళ్ళ పిల్ల. ఈ ముక్క ఫోనులో చెప్తే మా అమ్మ చాలాసేపు పలకలేదు. తర్వాత "నువ్వు పక్కనే ఉన్నవా?" అని మాత్రం అడిగింది.

ఉన్నాను.

విస్కాన్సిన్‌లో థాంక్స్‌గివింగ్‌కి ముందొచ్చే శనివారం తుపాకీ వేట మొదలవుతుంది, తొమ్మిది రోజులు. మా వీధి చివర ఉండే పెద్దాయన మనవరాలు మా అమ్మాయికి స్నేహితురాలు. తనూ వెళ్తానని పట్టుబట్టింది. కోడీ మేకా తినేవాణ్ణి, వద్దనడానికి నాకు సరైన కారణం దొరకలేదు. 1973 నుంచి పుట్టినవాళ్ళు ఇక్కడ వేట లైసెన్సు తీసుకోవాలంటే మామూలుగా ముందు భద్రత క్లాసు పాసవ్వాలి. ఒక్కదాన్నే పంపడమెందుకని నేనూ చేరాను.

అక్కడ నాలుగు సూత్రాలు వల్లె వేయిస్తారు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి. గొట్టం ఎవరికీ ప్రమాదం లేని వైపే ఉంచాలి. దేన్ని కొడుతున్నామో, దాని వెనక ఏముందో తేల్చుకోవాలి. కాల్చేదాకా ట్రిగ్గరు మీద వేలు పెట్టకూడదు. మూడోది వినగానే నాకు దశరథుడు గుర్తొచ్చాడు. ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని చప్పుడును బట్టి బాణం వేశాడు కదా! ఇంటికొస్తూ కారులో ఆ కథ చెప్పాను. అంతా విని, "మూడో రూల్ తప్పాడు నాన్నా" అంది.

మా పాలమూరులో కృష్ణ ఒడ్డు పొలాల మీద కృష్ణజింకలు మందలుగా పడి మేసిపోతాయి. కాపలా కాసి తోలుకోవడమే తప్ప, 1972 చట్టం వచ్చాక వాటిని చంపడం నేరం. మా పెద్దనాయన తిట్టని తిట్టు లేదు గానీ, రాయి కూడా గురిచూసి విసిరేవాడు కాదు. ఆ ఇంటివాణ్ణి నేను.

తెల్లారకముందే పెద్దాయన పొలం అంచున డీర్ స్టాండ్ ఎక్కి కూర్చున్నాం. పేరేదైతేనేం, మన మంచే అది. మనది తోలడానికి, ఇది కొట్టడానికి. ఎనిమిదింటికి కొమ్ముల్లేని ఆడజింక ఒకటి బయటికొచ్చింది. పిల్ల నావైపు చూసింది. జింక వెనకాల ఎత్తయిన మట్టిగట్టు. తలూపాను.

పేలింది. జింక ఎగిరి, చెట్లలోకి పోయింది.

వెంటనే వెంటపడకూడదు. దెబ్బ తిన్న జింక, మనిషి వస్తున్నాడని తెలిస్తే ఓపికున్నంత దూరం పరుగెడుతుంది. కనీసం అరగంట ఆగమని క్లాసులో చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న అరగంట అది.

తుపాకీ ఖాళీ చేశాం. దాని పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి, చలికో మరెందుకో.

"దానికి నొప్పి పుడుతోందా?"

'వెంటనే పోయుంటుంది తల్లీ' అన్న మాట నాలుక దాకా వచ్చింది. "బతికుంటే పుడుతూనే ఉంటుంది" అన్నాను. ఎందుకన్నానో! అని ఉండకూడదని ఒకసారి, అనడమే మంచిదైందని ఒకసారి ఇప్పటికీ అనిపిస్తూ ఉంటుంది.

"ఎంతసేపైంది?"

"నాలుగు నిమిషాలు."

ఆరుసార్లు అడిగింది. మధ్యలో ఎప్పుడో చేతొడుగు తీసేసి, చెయ్యి నా కోటు జేబులో పెట్టింది. నర్సరీకి నడిచేప్పుడు అట్లా పెట్టేది.

అరవై అడుగులు నడిస్తే కనబడింది. ఎప్పుడో పోయింది. మేం మంచె మీద లెక్కపెట్టిన నిమిషాల్లో దానివి ఎన్నో తెలియదు. పెద్దాయన వచ్చి చూపిస్తుంటే పొట్ట కోశాం. నేను కాళ్ళు పట్టుకున్నాను, కత్తి అదే పట్టుకుంది. ఆ చలిలో లోపల్నుంచి ఆవిరి లేచింది. దగ్గరున్న నా కళ్ళద్దాలు మసకబారాయి, తుడుచుకోవడానికి చేతులు శుభ్రంగా లేవు. అక్కడే ఫోనులో రిజిస్టరు చేశాం. మర్నాడు సాయంత్రం ఐదింటిలోపు చెయ్యాలి మరి. 2002లో ఈ రాష్ట్రపు జింకల్లో మెదడు జబ్బొకటి బయటపడింది. అందుకని తల పరీక్షకిచ్చి, మాంసం ఫ్రీజర్లో పెట్టాం. జబ్బు లేదని కబురొచ్చాకే వండాం.

ఆ ఆదివారం అమ్మే ఫోను చేసింది.

"యాటకూర లెక్కనే వండిన్రా?"

మా వైపు యాట అంటే మేకో, పొట్టేలో. అది వేటలోంచి వచ్చిన మాటేమోనని నాకు అప్పుడే తోచింది.

"అట్లనే వండినం. కొవ్వు లేదు, జర గట్టిగుంది."

"పిల్ల తిన్నదా?"

"తిన్నది. ముక్క మిగల్చలేదు."

"ఏం మాట్లాడలేదా?"

"లేదమ్మా."

"సరే, ఫోను దానికియ్యి" అంది.