కొట్టకపోయినా పెనాల్టీయా నాన్నా?

నాకు భువనేశ్వర్ బదిలీ అయినప్పుడు ఇంట్లో అందరికన్నా ముందు ఆ ఊరికి అలవాటుపడింది మా అమ్మాయి. తొమ్మిదో తరగతిలో చేరిన మూడో నెలకే స్కూలు రగ్బీ జట్టులోకి వెళ్ళింది. ఒడిశాలో ఇంతమంది ఆడపిల్లలు రగ్బీ ఆడతారని అక్కడికి వెళ్ళేదాకా నాకు తెలియదు. మా ఆవిడకు బెంగంతా పిల్ల మోకాళ్ళ గురించి. నాకేమో, గంటసేపు చూసినా ఆట ఒక్క ముక్క అర్థం కాకపోవడం.

ఒక శనివారం మ్యాచ్‌లో రెఫరీ ఈల వేసి మా అమ్మాయికి పసుపు కార్డు చూపించాడు. రెండు నిమిషాలు బయట కూర్చోమన్నాడు. ఆ రెండు నిమిషాల్లోనే అవతలి జట్టు గెలిచేసింది. "నేనెవర్నీ కొట్టలేదు నాన్నా. కిందపడి పక్కకు జరగడం ఆలస్యమైందంతే. దానికి ఇంత శిక్షా?" అని ఇంటికొచ్చి ఏడ్చింది. ఇక ఆడనంది. ఎంబీఏలో చదువుకున్న మోటివేషన్ పాఠాలు ఒక్కటీ పనిచేయలేదు. చివరికి రూల్సు ముందేసుకుని కూర్చున్నాను. మన బ్యాంకులో నాలాంటి తల్లిదండ్రులు ఇంకా ఉంటారనే ఇది రాస్తున్నాను.

పిల్లలు ఎక్కువగా ఆడేది ఏడుగురి ఆట. దానికి మూలం పదిహేనుగురు 80 నిమిషాలు ఆడే రగ్బీ యూనియన్. పెనాల్టీ వెనకున్న లెక్క రెండింట్లోనూ దాదాపు ఒకటే. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. అవతలి గోల్ గీత దాటించి నేలకు ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. ఆ తరువాత కర్రల మధ్య నుంచి తన్నే కన్వర్షన్‌కు మరో 2.

తప్పులన్నీ ఒక గాటన కట్టరు. చేయి జారి బంతి ముందుకు పడిందంటే అది పొరపాటు. బంతి అవతలి వాళ్ళకిచ్చి స్క్రమ్ పెట్టిస్తారు. అంటే రెండు జట్లవాళ్ళూ భుజాలు కలిపి, వంగి ఒకరినొకరు తోసుకోవడం. దానికి కాస్త పైమెట్టు ఫ్రీ కిక్. ఇందులో నేరుగా గోలుకు తన్ని పాయింట్లు తెచ్చుకోవడానికి లేదు. ఆ పైన ఉన్నది పెనాల్టీ.

మెడ మీద పట్టు పట్టినా, గాల్లో ఉన్న మనిషిని లాగినా పెనాల్టీ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. కానీ పెనాల్టీలు ఎక్కువగా వచ్చేది నేల మీద. బంతి పట్టుకున్న ఆటగాణ్ణి కింద పడేశారనుకోండి. పడినవాడు బంతిని వెంటనే వదిలేయాలి. పడేసినవాడు అతన్ని వదిలి పక్కకు దొర్లిపోవాలి. బంతి కోసం వచ్చే మూడోవాడు తన కాళ్ళ మీద తాను నిలబడే దాన్ని అందుకోవాలి. మిగతావాళ్ళు తమ జట్టు చిట్టచివరి పాదం వెనకే ఉండాలి, దాటితే ఆఫ్‌సైడ్. బంతి కోసం ఇద్దరికీ పోటీ ఉండాలి, అది త్వరగా బయటికి రావాలి. రూల్సు అన్నీ దీనికోసమే.

దొర్లకుండా అక్కడే పడి ఉన్న ఆటగాడు, పని అయిపోయినా కౌంటరు ముందు నుంచి కదలని ఖాతాదారులాంటివాడు. ఎవరినీ తిట్టడు, కొట్టడు. వెనకున్న క్యూ మాత్రం ఆగిపోతుంది. పైగా ఈ ఆలస్యంలో అతని జట్టు తాపీగా సర్దుకుంటుంది. గోల్ గీత దగ్గర ఇలా చేసినా, జట్టు పదేపదే చేసినా రెఫరీ పసుపు కార్డు తీస్తాడు. పదిహేనుగురి ఆటలో అది 10 నిమిషాలు, ఏడుగురి ఆటలో 2. కౌంటరు పోలిక విన్నాక మా అమ్మాయి మొదటిసారి నవ్వింది.

రుణఖాతాల్లో అపరాధ వడ్డీ వద్దు, అపరాధ రుసుమే ఉండాలని, దాన్ని ఆదాయ మార్గంగా చూడకూడదని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది కదా. రగ్బీ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇక్కడ పెనాల్టీ అంటే నష్టపోయిన జట్టుకు కోరుకునే హక్కు. తప్పు జరిగాక కూడా వాళ్ళకే లాభం కనబడితే రెఫరీ చెయ్యి చాచి ఆట సాగనిస్తాడు, లాభం రాకపోతేనే వెనక్కి పిలుస్తాడు. అప్పుడు కెప్టెన్ కోరుకోవాలి. 60 సెకన్లలో కర్రల మధ్య నుంచి తన్ని 3 పాయింట్లు తీసుకోవచ్చు. బంతిని పక్క గీత దాటించి ముందుకు జరగవచ్చు. మామూలుగా అలా బయటికి తన్నితే తిరిగి విసిరే హక్కు అవతలి వాళ్ళది. పెనాల్టీలో మాత్రం తన్నినవాళ్ళదే. స్క్రమ్ అడగవచ్చు. బంతిని కాలితో అలా తాకించి పరుగు తీయవచ్చు, అవతలి వాళ్ళు 10 మీటర్లు వెనక్కి పోవాల్సిందే.

ఈ 3 పాయింట్లను తేలిగ్గా తీసుకోకూడదు. 2023 ప్రపంచ కప్ ఫైనల్లో న్యూజిలాండ్ ఒక ట్రై చేసింది, దక్షిణాఫ్రికా ఒక్కటీ చేయలేదు. అయినా కప్పు దక్షిణాఫ్రికాదే, 12-11. ఆ 12 పాయింట్లూ హాండ్రే పొలార్డ్ తన్నిన నాలుగు పెనాల్టీలవే. న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్‌కు ఎత్తుగా పట్టినందుకు పసుపు కార్డు పడి, అదే ఎరుపయింది. మిగతా ఆటంతా వాళ్ళు 14 మందితోనే ఆడారు.

కానీ ఆ మూడూ వద్దన్నవాళ్ళూ ఉన్నారు. 2015 సెప్టెంబరు 19న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో జపాన్ 29-32తో దక్షిణాఫ్రికా కన్నా వెనకబడి ఉంది. చివరి క్షణాల్లో పెనాల్టీ వచ్చింది. తన్నితే స్కోరు సమం. అంతకుముందు ప్రపంచ కప్పుల్లో జపాన్ గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్, కాబట్టి సమమైనా పండగే. కోచ్ ఎడ్డీ జోన్స్ తన్నమనే అన్నాడు. కెప్టెన్ మైకెల్ లీచ్ స్క్రమ్ అడిగాడు. బంతి చేతులు మారుతూ ఎడమ మూలకు చేరింది, కార్న్ హెస్కెత్ ట్రై చేశాడు. 34-32.

సరిగ్గా వారం తరువాత లండన్‌లో ఇంగ్లండ్ 25-28తో వేల్స్ వెనక ఉంది. మళ్ళీ అదే పరిస్థితి, తన్నితే సమం. కెప్టెన్ క్రిస్ రాబ్‌షా బంతిని మూలకు తన్నించాడు. విసిరిన బంతి చేతికందినా వేల్స్ వాళ్ళు ఇంగ్లండ్ ఆటగాళ్ళను పక్క గీత బయటికి తోసేశారు. ఇంగ్లండ్ ఓడింది, గ్రూపు దశలోనే ఇంటిదారి పట్టింది. లీచ్‌ను ధీరుడన్నారు, రాబ్‌షాను నెలల తరబడి తిట్టారు. ఇద్దరూ చేసింది ఒకే సాహసం. ఫలితం చూశాక నిర్ణయానికి మార్కులు వేయడం ఎంత సులువో లోన్లు మంజూరు చేసే మనవాళ్ళకు తెలియంది కాదు. రాబ్‌షా తప్పు చేశాడని నేను మాత్రం అనలేను.

ఈ రెండు మ్యాచ్‌ల కథ మా అమ్మాయికి రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. "నేనైతే స్క్రమ్మే అడిగేదాన్ని" అంది. సోమవారం ప్రాక్టీసుకు బూట్లు తీసుకుని వెళ్ళింది.

పోయిన నెల మ్యాచ్‌లో కిందపడ్డ ప్రతిసారీ చకచకా దొర్లింది, ఆ గోల లేదు. ఈసారి పెనాల్టీ ఆఫ్‌సైడ్‌కు పడింది. ఆ చిట్టచివరి పాదం ఎవరిదో గట్టు మీద కూర్చున్న నాకూ కనబడలేదు.