వార్తల్లో పదం: వెన్నుపాము ఇంప్లాంట్

వెన్నుపాము తెగినచోట అమర్చేందుకు రోగి కణాలతోనే ల్యాబ్‌లో పెంచే నరాల కణజాలం ఇది. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో తాల్ ద్విర్ బృందం పొట్టలోని కొవ్వుపొర కణాలను మూలకణాలుగా మార్చి, అదే పొర పదార్థంతో చేసిన జెల్‌లో పెంచింది. సొంత సరుకే కనుక శరీరం తిప్పికొట్టే ముప్పు తక్కువ. దీర్ఘకాలిక పక్షవాతంతో ఉన్న ఎలుకల్లో 80 శాతం మళ్లీ నడిచాయని 2022లో వెల్లడించింది. ఎలుక నడిస్తే మనిషి నడుస్తాడా అన్న సందేహం సబబే; మన వెన్నుపాము ఎన్నో రెట్లు పెద్దది. అయినా పాత గాయంలోనూ ఫలితం కనిపించడం కొట్టిపారేయదగ్గది కాదు. 2025లో మనుషులపై ప్రయోగాలకు సిద్ధమవుతున్నామన్నారు కానీ, ఇది ఇంకా ఆస్పత్రిలో దొరికే చికిత్స కాదు. అందుకే, పడితే వెన్ను దెబ్బతినే ముప్పుతో దుబ్బాక వైపు తాటిచెట్లెక్కే గీతన్నలకు ఇప్పటికి దిక్కు, పడకుండా కాపాడేందుకు 2024లో వచ్చిన కాటమయ్య రక్షణ కిట్టే. ఎవరైనా పడితే లేపి కూర్చోబెట్టకండి, 108 వచ్చేదాకా మెడ, నడుం కదలనివ్వకండి.