లారీకి పార్టు మారిస్తే ఆర్టీఏ ఆఫీసుకి ఎప్పుడు వెళ్లాలి?

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, బండికి ఏ పార్టు మార్చినా పర్మిషన్ కావాలా?" అని. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఒక మాట. పార్టు మార్చడం వేరు, బండిని మార్చడం వేరు. బ్రేక్ లైనర్లు, క్లచ్ ప్లేటు, కమాన్ కట్టలో విరిగిన పట్టీ, రేడియేటర్ లాంటివి అరిగిపోతే, కంపెనీ ఇచ్చిన సైజు, అదే రకం వేసుకుంటే అది రిపేరే. దానికి ఏ కాగితమూ అక్కర్లేదు, బిల్లు దాచుకుంటే చాలు.

మరి ఎక్కడ అవసరం? మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 చూడండి. ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా ఓనరు బండిని మార్చకూడదు అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అందుకని పార్టు విప్పే ముందు మీ ఆర్సీ తీసి చదవండి. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, బాడీ రకం, వీల్ బేస్, ఖాళీ బండి బరువు, మొత్తం బరువు, టైర్ల సైజు అన్నీ రిజిస్ట్రేషన్ వివరాల్లో ఉంటాయి. మీరు చేసే పని వీటిలో ఏ ఒక్కదాన్ని మార్చినా, అది మెకానిక్ షెడ్డులో తేలే పని కాదు.

ఇప్పుడు ఇంజన్ సంగతి. ఇంజన్ సీజ్ అయింది, సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెచ్చి ఎక్కించారు. అదే కంపెనీ, అదే మోడల్ అయినా సరే, నంబరు మారింది కదండీ! ముందే ఆర్టీఏ అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా మార్పు జరిగిపోతే 14 రోజుల్లోపు ఆర్సీ, ఫీజుతో సహా తెలియజేయాలని చట్టంలో ఉంది. పది, అంతకన్నా ఎక్కువ ట్రాన్స్‌పోర్టు బండ్లు ఉన్నవాళ్లకి, అదే మేక్, అదే టైపు ఇంజన్ అయితే ముందస్తు అనుమతి లేకుండా మార్చుకునే వీలు రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ఇవ్వచ్చు. వాళ్లు కూడా తర్వాత 14 రోజుల్లో చెప్పి ఆర్సీలో రాయించుకోవాల్సిందే. డీజిల్ నుంచి సీఎన్‌జీకి మారాలంటే ఆమోదం పొందిన కిట్టు ఉండాలి. ఇంకోటి, బండి ఫైనాన్స్‌లో ఉంటే ఫైనాన్స్ వాళ్ల రాతపూర్వక అంగీకారం కూడా తీసుకోండి.

ఛాసిస్ కోసి పొడుగు చేయడం, ఇంకో యాక్సిల్ తగిలించడం ఇంకా పెద్ద విషయం. ఫ్రేమ్‌కి ఎక్కడ వెల్డింగ్ పడితే అక్కడ బలం మారుతుంది, బ్రేక్ వేసినప్పుడు బరువు పడే తీరు మారుతుంది. కమాన్ కట్టలో నాలుగు పట్టీలు ఎక్కువ వేస్తే లోడు ఎక్కువ వేసుకోవచ్చు అనుకుంటారు. బండి మొయ్యచ్చేమో గానీ ఆర్సీలో బరువు పెరగదండీ. బ్రేకులూ పెరగవు! ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆ సంగతి తెలుస్తుంది.

బాడీ విషయానికొస్తే, ఛాసిస్ కొని విజయవాడ ఆటోనగర్ లాంటి చోట బాడీ కట్టించుకుంటాం కదా. అక్కడ ఫారం 22-ఏ అని ఒకటుంటుంది. మొదటి భాగం ఛాసిస్ కంపెనీ ఇస్తుంది, రెండో భాగం బాడీ కట్టినవాళ్లు ఇవ్వాలి. "ఇది భద్రతా ప్రమాణాల ప్రకారమే ఉంది" అని వాళ్లు బాధ్యత తీసుకునే కాగితం అది. లారీ బాడీల ప్రమాణం పేరు ఏఐఎస్ 093. ఓపెన్ బాడీని ట్యాంకరుగానో, టిప్పరుగానో మార్చాలంటే అనుమతి లేకుండా మొదలుపెట్టకండి.

కొన్ని చిన్న పార్టులు కూడా ఉన్నాయి. స్పీడ్ గవర్నర్, రిఫ్లెక్టివ్ టేపు, వెనక అండర్ రన్ గార్డు. ఇవి మార్చుకోవచ్చు, కానీ ఆమోదం ఉన్నవే వేయాలి. గవర్నర్ మారిస్తే సీలు, సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. బీఎస్-6 బండిలో యూరియా సిస్టమ్ బైపాస్ చేయించడం రిపేరు కాదు, తప్పు.

"ఏమవుతుందిలే" అంటారా? 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కొత్త బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. అక్కడ నంబరు చూస్తారు. అంతకన్నా పెద్దది యాక్సిడెంట్. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి ఆర్సీ పక్కన పెట్టుకుని బండి చూస్తాడు. తేడా దొరికితే క్లెయిమ్ కోసం తిరగాల్సింది మీరే. స్టీరింగ్ దగ్గర కూర్చునేది మాత్రం మన డ్రైవరు తమ్ముడు.

కాబట్టి ఒక్కటే గుర్తు పెట్టుకోండి. ఉన్నది ఉన్నట్టు మారిస్తే బిల్లు చాలు. ఆర్సీలో అక్షరం మారేలా ఉంటే ముందు ఆఫీసు, తర్వాత స్పానరు. ఇంజన్ కొనేటప్పుడు దాని బిల్లు, నంబరు, ఏ బండిలోంచి వచ్చిందో ఆధారం చేతికి రాకుండా డబ్బు ఇవ్వకండి.

ఇంకా డౌట్లు ఉంటే కింద రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చెప్పుకుందాం. జాగ్రత్తగా నడపండి, ఉంటానండీ.