హెడ్‌ఫోనుల ఎన్నిక – చెవుల రక్షణ

సుక్మా జిల్లాలోని కిష్టారము మొదలుకొని శబరీ తీరము వరకు గల పల్లెలలో కోయ, దోర్ల ప్రజల పండుగలకు డోలును, రేల పాటయును ప్రాణము. ఆ పాటలను సెల్‌ఫోనులో భద్రపరచి, గొంతును డోలును సమముగా కూర్పదలచిన యువకునకు హెడ్‌ఫోను ఒక పనిముట్టు. పని ముగిసిన పిమ్మట పాట వినువానికి అది వినోద సాధనము. ఈ రెంటికిని ఒకే రకము తగదు. అయినను, రెంటియందును కాపాడుకొనవలసినది చెవియే.

హాని ఎట్లు కలుగును?

లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనిన భాగమున సూక్ష్మమైన రోమకణములు కలవు. ఇవి ధ్వనికి చలించి, ఆ వార్తను నాడి ద్వారా మెదడునకు చేర్చును. అధిక ధ్వని చిరకాలము సోకినచో ఇవి నశించును, మరల పుట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ననుసరించి పెద్దలు 80 డెసిబెళ్ల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. 3 డెసిబెళ్లు హెచ్చిన కొలది కాలము సగమగును. అనగా 83 డెసిబెళ్లకు 20 గంటలు, 86కు 10 గంటలు, 90కి సుమారు 4 గంటలు మాత్రమే. పిల్లలకు 40 గంటల పరిమితి 75 డెసిబెళ్లకే వర్తించును.

పాట కూర్చు పనికి

ఈ పని గంటల తరబడి సాగును. కావున చెవిని పూర్తిగా చుట్టి, కణతలను నొక్కని తేలికైన హెడ్‌ఫోను కావలెను. వెనుక భాగము తెరచియున్న రకమున వేడిమి తక్కువ. ధ్వని సహజముగా వినబడును. కాని సందడిగల చోట బయటి రొద లోనికి వచ్చుటచే ధ్వని పెంచవలసి వచ్చును; అట్టిచోట అది తగదు. మైకు ముందు పాడువారికి మూసియున్న రకమే మేలు. లేనిచో లోని ధ్వని మైకునకు సోకును. మంద్రధ్వనిని హెచ్చించి వినిపించు రకమును ఈ పనికి వాడరాదు. అందు డోలు లేని బలముతో వినబడును. కూర్చువాడు దానిని తగ్గించును. తుదకు ఇతరులకు డోలు బలహీనముగా వినబడును.

వినోదమునకు

చెవిలో అమరు చిన్న రకము చాలును. దాని రబ్బరు తొడుగు చెవికి సరిపోవలెను. సరిగా అమరినచో బయటి రొద తగ్గి, తక్కువ ధ్వనియే చాలును. బాటపై నడచునపుడు వాడరాదు. వాహనముల హారను వినబడదు.

గుర్తుంచుకొనవలసినవి

1. ధ్వనిని గరిష్ఠ స్థాయిలో 60 శాతమునకు మించనీయకుడు.

2. గంట కొకమారు చెవులకు విశ్రాంతి నీయుడు.

3. మెత్తలను తుడిచి ఆరబెట్టుడు. చెవిలో పెట్టు రకమును ఇతరులతో పంచుకొనకుడు.

4. చెవి కారుచున్నపుడు చెవిలో పెట్టు రకమును వాడకుడు. పుల్లలు, నూనె పెట్టకుడు.

హెడ్‌ఫోను సుఖముగా నున్నంత మాత్రమున హాని లేదని తలపరాదు. మెత్తని సాధనము ద్వారా వచ్చు అధిక ధ్వనియు చెవిని చెరచును. చాలవరకు నొప్పియైనను తెలియదు. చెవిలో హోరు, మాట స్పష్టముగా వినబడకుండుట తొలి సూచనలు. అవి కనిపించిన వెంటనే ఆరోగ్య కార్యకర్తకు తెలిపి, వైద్యునిచే పరీక్ష చేయించుకొనుడు.