మడమ కింద మెత్త

పాతబడిన రన్నింగ్ షూను నిలువునా కోసి చూస్తే దాని జాతకమంతా బయటపడుతుంది. నేలకు తగిలే రబ్బరు పొర పలచనే. దాని మీద కూర్చున్న తెల్లటి నురుగు దిమ్మే అసలు సరుకు. ఈవీఏ అనే ప్లాస్టిక్, నిండా కంటికానని గాలి బుడగలు. సంప్రదాయ షూలలో ఈ దిమ్మ వేళ్ల దగ్గరకంటే మడమ దగ్గర పది పన్నెండు మిల్లీమీటర్లు ఎత్తు. బాగా వాడిన జతలో ఆ బుడగలు అణిగిపోయి అడ్డంగా ముడతలు కనిపిస్తాయి.

ఈ ఎత్తు మొదట్నుంచీ లేదు. పరుగువీరులు చాలాకాలం పలచటి అడుగున్న బూట్లతోనే నెట్టుకొచ్చారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా, కొత్త బూట్లు కాళ్లకు సరిపడక, అలవాటైన ఉత్తకాళ్లతోనే మారథాన్‌కు దిగాడు. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో బంగారు పతకం కొట్టాడు. ఉత్తకాళ్ల పరుగును మెచ్చుకునేవాళ్లు కథను ఇక్కడే ఆపేస్తారు. నాలుగేళ్లకు టోక్యోలో అదే బికిలా బూట్లు తొడుక్కుని ఇంకో మూడు నిమిషాలు తగ్గించాడు మరి!

ఒరెగాన్ విశ్వవిద్యాలయం కోచ్ బిల్ బోవర్‌మన్‌కు బూటు బరువు తగ్గించాలన్న పిచ్చి. 1970ల మొదట్లో ఇంట్లో వాఫిల్ పెనంలో యురేథేన్ పోశాడు. పెనం అతుక్కుపోయి పాడైంది కానీ, ఆయన కంపెనీ నైకీకి 1974లో వాఫిల్ ట్రైనర్ దక్కింది. అప్పటికే అమెరికాలో జాగింగ్ మోజు ముదిరింది. దశాబ్దం సగం గడిచేసరికి ఈవీఏ వచ్చింది, 1978లో గాలి తిత్తులు వచ్చాయి. మడమ కింద మెత్త పెరుగుతూ పోయింది.

మెత్త ఉంటే మడమ మీద దిగడం హాయి. ఉత్తకాళ్లతో అలా దిగితే తొలి 50 మిల్లీసెకన్లలోనే ఒంటి బరువుకు ఒకటిన్నర నుంచి మూడు రెట్ల దెబ్బ తగులుతుందని హార్వర్డ్‌కు చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో ‘నేచర్’లో రాసింది. అందుకే చిన్నప్పట్నుంచీ చెప్పుల్లేకుండా పరుగెత్తేవాళ్లు ఎక్కువగా పాదం ముందు భాగం మీద దిగుతారు. చీలమండ వంగుతుంది, పిక్క స్ప్రింగులా సాగి ఆ దెబ్బను మింగుతుంది.

ఇక వ్యాపారం ఊరుకుంటుందా? కాలివేళ్లు విడివిడిగా దూరే విబ్రమ్ తొడుగులకు గిరాకీ ఎగబాకింది. గాయాలు తగ్గుతాయన్న ప్రచారానికి ఆధారం లేదంటూ కొనుగోలుదారులు దావా వేస్తే, 2014లో ఆ కంపెనీ 37.5 లక్షల డాలర్లకు రాజీ పడింది, తప్పు ఒప్పుకోకుండానే. తొందరపడి ఆ తొడుగులకు మారినవాళ్లలో కొందరికి పాదం ఎముకలు వాచినట్లు స్కానింగుల్లో తేలింది.

నా లెక్కలో ఇది బూటుకూ కాలికీ తగాదా కాదు. బూటు విప్పితే భారం మాయమవదు, మోకాలి నుంచి పిక్కకూ మడమ వెనక స్నాయువుకూ బదిలీ అవుతుంది. మోకాళ్లు పీకేవాళ్లకు అది లాభం కావచ్చు, పిక్కలు పట్టేసేవాళ్లకు కాదు.

సరదా పడితే గడ్డి మీద నడకతో మొదలుపెట్టి, రోజూ కొద్ది నిమిషాలే పరుగెత్తండి. నెలల తరబడి మెల్లగా పెంచండి. షుగరు వల్ల అరికాళ్లకు స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం బూటు విప్పవద్దు. గుచ్చుకున్న గాజుపెంకు వాళ్లకు తెలియదు.